వంటింట్లో బాయిలరు

పటాన్‌చెరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందు వుంది. నాలుగు పేజీల ఉత్తరం. సారాంశం ఇది: వారి అబ్బాయి ఉద్యోగం పని మీద ఏడాదిపాటు ఇటలీలో వుండి, తిరిగి వస్తూ అమ్మకు కానుకగా ఒక ఎస్ప్రెస్సో కాఫీ యంత్రం తెచ్చాడు. తళతళలాడే యంత్రం, పక్కన ఆవిరి గొట్టం, పైన పొడుగాటి మీట. మీట ఎత్తి దించితే చిన్న కప్పులోకి తేనెలాంటి చిక్కటి కాఫీ దిగుతుంది. మొదటి ఆరు నెలలూ వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయారు. రెండేళ్ళు తిరిగేసరికి మీట బిగుసుకుపోయింది. కాఫీ కప్పులోకి కాక పక్కలనుంచి కారుతోంది. మొన్న ఒకరోజు నీళ్ళు తక్కువయ్యాయేమోనని పై మూత విప్పబోతే ఆవిరి చివ్వున కొట్టి ముంజేయి కాలింది. "అమ్మేద్దామంటే అబ్బాయి నొచ్చుకుంటాడు. వుంచుకుందామంటే దాని దగ్గరికి వెళ్ళాలంటేనే భయం వేస్తోంది. మావారు ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. కాఫీ సామాను సంగతి నాకేం తెలుసు, అంటారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు.

సోదరీ, అమ్మవద్దు. కాని ఈ జవాబు పూర్తిగా చదివేదాకా దాన్ని వెలిగించవద్దు. ఇక మీవారి మాటకు వస్తే, ఆయన పొరబడ్డారు. ముప్ఫై ఏళ్ళు ఆయన చేసిన పనీ, ఇప్పుడు మీ యంత్రం కోరుకుంటున్న పనీ ఒక్కటే. మీ వంటింటి గట్టు మీద వున్నది కాఫీ సామాను కాదు, చిన్న బాయిలరు.

ఈ యంత్రం పుట్టుక కూడా ఆ సంగతే చెబుతుంది. ఇటలీలోని మిలాన్ నగరంలో లుయీజీ బెజ్జేరా అనే ఆయన 1901లో కాఫీ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అందులో బాయిలరు ఆవిరి ఒత్తిడే వేడినీళ్ళను కాఫీపొడి గుండా తోసేది. కాఫీ త్వరగా వచ్చేది గాని, మాడు వాసన వేసేది. అదే నగరంలో కాఫీ హోటలు నడిపిన అకిల్లె గాజ్జా, ఆవిరితో కాకుండా పిస్టనుతో నీటిని తొయ్యాలని పట్టుబట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1948 ప్రాంతాల, మీటతో పనిచేసే ఆయన యంత్రాలు హోటళ్ళకు వచ్చాయి. మీట వల్ల కలిగే ఒత్తిడి మన చుట్టూ వున్న గాలి ఒత్తిడికి ఎనిమిది తొమ్మిది రెట్లు వుంటుంది. కాఫీ మీద లేత గోధుమరంగు నురుగు మీగడలా కట్టడం అప్పటి నుంచే మొదలు. తరువాత అలాంటివే చిన్నవి చేసి ఇళ్ళకూ అమ్మసాగారు.

మన పెళ్ళిళ్ళలో చుయ్యిమనే చప్పుడుతో పాలు పొంగించి, పైన కోకో పొడి చల్లి ఇచ్చే దాన్నీ ఎస్ప్రెస్సో అనే అంటాం. అక్కడ కేవలం ఆవిరితో పాలు నురగ కట్టిస్తారు, అంతే. కాఫీపొడి గుండా నీళ్ళను తొయ్యడం వుండదు. రుచి వేరు, పద్ధతి వేరు. బాయిలరు మాత్రం రెండింటిలోనూ వుంది.

మొదట ప్రాణభయం తీరాలి

ప్రెషర్ కుక్కరు మూత ఆవిరి పోకముందు తీయకూడదని మన ఇళ్ళలో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ఈ యంత్రంలోనూ కుక్కరులో వున్నంత వేడి, దాదాపు 120 డిగ్రీలు, వుంటుంది. అయినా చూడటానికి బొమ్మలా వుంటుంది గనుక మనం ఏమరుపాటున వుంటాం.

స్విచ్చి కట్టి, ప్లగ్గు తీసి, ఆవిరి గొట్టం తెరిచి, వున్న ఆవిరంతా పోయి చప్పుడు ఆగిపోయాక గాని మూత మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ తరువాత కూడా పావుగంట ఆగి, గుడ్డ పట్టుకుని, కొద్దికొద్దిగా తిప్పాలి. మీ చెయ్యి కాలింది ఇది తెలియకనే. కాలిన చోట టూత్‌పేస్టూ, సిరా పూయకుండా ఇరవై నిమిషాలపాటు చన్నీళ్ళ ధార కింద పెట్టాలన్నది కూడా గుర్తుంచుకోండి.

కాఫీ దిగడం అయిపోగానే పొడి వున్న పిడిగిన్నెను ఊడదియ్యకూడదు. లోపల ఇంకా ఒత్తిడి వుంటే వేడి పిప్పి మొహాన చిమ్ముతుంది. అర నిమిషమో, నిమిషమో ఆగి, మెల్లగా సగం తిప్పి, బుస్సుమనడం ఆగాక తియ్యాలి.

కొన్ని యంత్రాలలో మీటను కిందికి లాగితే అది తనంతట తానే పైకి పోతుంది. లోపల గట్టి స్ప్రింగు వున్నదన్న మాట. అలాంటిదైతే పిడిగిన్నెలో కాఫీపొడి లేనప్పుడు మీట లాగి వదలకూడదు. నీటి అడ్డు లేని మీట దెబ్బకు గడ్డాలు పగిలినవాళ్ళున్నారు. మీట దగ్గర మొహం పెట్టి తొంగిచూడటం ఎప్పుడూ వద్దు. స్ప్రింగు యంత్రాన్ని ఇంట్లో విప్పనూవద్దు. మనమే ఎత్తి, మనమే అదమవలసిన మీట అయితే స్ప్రింగు లేనట్టే. మీరు రాసినదాన్ని బట్టి మీది ఈ రెండో రకమే.

మరో మాట. విదేశాలనుంచి తెచ్చిన సామానుకు మన గోడలో పట్టని ప్లగ్గు వుంటుంది. దానికి బజారులో రెండు కాళ్ళ అడాప్టరు తగిలిస్తారు. అలా చేస్తే ఎర్త్ పోయినట్టే. లోహపు ఒళ్ళు, లోపల నీళ్ళు, చేతికి తడి. ఇంతకన్నా చెడ్డ కలయిక లేదు. ఎలక్ట్రీషియనును పిలిచి మూడు పిన్నుల ప్లగ్గు వేయించండి, గోడలో ఎర్త్ వుందో లేదో చూడమనండి. ఇది రేపటికి వాయిదా వెయ్యదగ్గ పని కాదు.

అసలు దొంగ నీళ్ళు

యంత్రం పాడయింది వాడటం వల్ల కాదు. పోసిన నీళ్ళ వల్ల. మీరు రెండేళ్ళూ బోరునీళ్ళే పోశామని రాశారు. అదే బోరునీళ్ళతో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదనీ, సబ్బు నురగ రాదనీ, గీజరు రెండుసార్లు చెడిపోయిందనీ కూడా రాశారు. ఈ నాలుగు కష్టాలకూ కారణం ఒక్కటే. మీ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. చన్నీళ్ళలో అవి కరిగి కనిపించకుండా వుంటాయి. నీళ్ళు కాగగానే కాల్షియం బైకార్బొనేటు విరిగి సుద్దగా మారి అడుగుకు చేరుతుంది. టీ గిన్నె అడుగున, గీజరు కాయిలు మీద తెల్లగా కట్టే గార అదే.

లెక్క వేసి చూడండి. మంచినీటికి మన దేశపు ప్రమాణాలలో గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు వుండాలన్నారు. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకున్నారు. మీ బోరునీళ్ళలో 400 వున్నదనుకుందాం. రోజుకు అర లీటరు పోస్తే యంత్రంలోకి 200 మిల్లీగ్రాములు పోయినట్టు. ఏడాదికి 73 గ్రాములు. అందులో నాలుగో వంతు లోపల అంటుకున్నా 18 గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాల సుద్ద. అది కాయిలుకు దుప్పటి కప్పుతుంది. వేడి నీటికి చేరదు, కాయిలు మాత్రం మాడుతుంది. సన్నని దారులు పూడుకుపోతాయి. సేఫ్టీ వాల్వు లోపల గార పట్టి బిగుసుకుపోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఒత్తిడి మించినప్పుడు తెరుచుకోవలసిన తలుపు తెరుచుకోదు మరి.

ఇక్కడ మీవారిని పిలవండి. ఫ్యాక్టరీలో బాయిలరుకు బోరునీళ్ళు తిన్నగా పట్టేవారా అని అడగండి. నవ్వుతారు. నీటి గట్టిదనం తీసే యంత్రం గుండా పంపి గాని పట్టరు. ఇంకో సంగతి కూడా ఆయనకు తెలుసు. ఆవిరిగా పోయేది వట్టి నీరు. లవణాలు లోపలే మిగిలి, నీరు రోజురోజుకూ చిక్కబడుతుంది. అందుకే బాయిలరు అడుగునుంచి కొంత నీటిని అప్పుడప్పుడూ వదిలేస్తారు. బ్లోడౌన్ అంటారు దాన్ని. మీరు చేసిందేమిటి? నిన్నటి నీళ్ళ మీదే ఇవాళ్టి నీళ్ళు పోస్తూ వచ్చారు. ఇకమీదట, చల్లారాక మిగిలిన నీళ్ళను పారబోసి, మరునాడు కొత్త నీళ్ళు పోయండి. ఇదే మీ వంటింటి బ్లోడౌన్.

మరి ఏ నీళ్ళు పోయాలి? మీ ప్రాంతానికి మంజీర వుంది. సంగారెడ్డి దగ్గర కట్టిన బ్యారేజీ నుంచి ఆ నీరు 1965 నుంచీ హైదరాబాదుకు పోతోంది. నదినీరు సాధారణంగా బోరునీటికన్నా మెత్తన. మీకు కుళాయిలో శుద్ధిచేసిన నదినీరు వస్తూ వుంటే దాన్నే వడగట్టి పోయండి. అప్పుడూ సబ్బుతో పరీక్ష చేసుకోండి. మూత వున్న సీసాలో సగం నీళ్ళు పోసి, నాలుగు చుక్కలు కరిగించిన బట్టల సబ్బు వేసి కుదపండి. బట్టల పౌడరు పనికిరాదు. అది గట్టి నీళ్ళలోనూ నురగ వస్తుంది. నురుగు నిలిస్తే మెత్తటి నీరు, విరిగి తెల్లని తెట్టు కడితే గట్టి నీరు.

ఆర్‌ఓ నీళ్ళు ఎలా వుంటాయని ఒకరిద్దరు అడగవచ్చు. గార పట్టదు, నిజమే. కాని మరీ వట్టి నీరు లోహాన్ని కొద్దికొద్దిగా తింటుంది. కాఫీ రుచి కూడా చప్పగా వుంటుంది. మూడు వంతుల ఆర్‌ఓ నీటికి ఒక వంతు శుద్ధమైన కుళాయి నీరు కలుపుకుంటే మధ్యే మార్గం.

మీ పారిశ్రామికవాడ సంగతి కూడా చెప్పక తప్పదు. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల ఫ్యాక్టరీల వ్యర్థజలాల మీద 1990లోనే సుప్రీంకోర్టుదాకా వ్యాజ్యం వెళ్ళింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ ప్రాంతాన్ని తీవ్రంగా కలుషితమైన వాటి జాబితాలో చేర్చింది. గట్టిదనం మన కంటికి గారగా కనిపిస్తుంది. రసాయనాలు కనిపించవు. కాచినంత మాత్రాన అవి పోవు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడతాయి. కనుక నీటి పరీక్ష చేయించకుండా బోరునీళ్ళను కాఫీకే కాదు, తాగడానికీ వంటకూ కూడా వాడవద్దు. యంత్రం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

రోజూ, వారం వారం

రోజూ చెయ్యవలసింది అయిదు నిమిషాల పని. పాలు నురగ కట్టించిన వెంటనే ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒక క్షణం ఆవిరి వదలాలి. ఆలస్యం చేస్తే పాలు లోపలికి పీల్చుకుని ఎండి, గొట్టం మూసుకుపోతుంది, వాసన కూడా వేస్తుంది. పిడిగిన్నెలోని పిప్పి దులిపి వేడినీళ్ళతో కడగాలి. పిప్పిని సింకులో వెయ్యక పూలకుండీలోని మట్టిలో కొద్దికొద్దిగా కలపండి. పిడిగిన్నె బిగించేచోట పైన వుండే జల్లెడ రేకును తడిగుడ్డతో తుడవాలి. పని కాగానే స్విచ్చి కట్టాలి. మామగారు తొమ్మిదింటికి తాగుతారు గదా అని ఆరింటినుంచి వేడి మీద వుంచితే నీరు ఇగురుతుంది, రబ్బర్లు ఎండిపోతాయి. గాజుగొట్టంలో నీటిమట్టం చూడకుండా స్విచ్చి వెయ్యనేకూడదు. నీళ్ళు లేకుండా వెలిగిస్తే కాయిలు కాలిపోతుంది.

వారానికోసారి జల్లెడ గిన్నెనూ, పిడిగిన్నె లోహపు భాగాన్నీ గిన్నెల సబ్బు కలిపిన వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, బ్రష్షుతో తోమి, బాగా కడగండి. కాఫీగింజలో నూనె వుంటుంది. అది పొరలా పట్టి ముక్కిపోతే ఎంత మంచి అరకు గింజలు కొన్నా కాఫీ చేదే. పిడికి వున్న కర్రనో, ప్లాస్టిక్కునో నానబెట్టవద్దు. చికోరీ కలిపిన పొడి మన ఫిల్టరుకు అలవాటు గాని, ఈ యంత్రానికి నప్పదు. జల్లెడ కళ్ళు త్వరగా మూసుకుంటాయి.

గార తీయడం

మంచి నీళ్ళు వాడేవారు మూడు నాలుగు నెలలకు ఒకసారి గార తీస్తే చాలు. దానికి కావలసింది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు. లీటరు నీటికి 20 గ్రాములు. చల్లగా వున్న యంత్రంలో పోసి, స్విచ్చి వేసి గోరువెచ్చన కాగానే కట్టెయ్యాలి. మరిగించవద్దు. బాగా వేడెక్కితే నిమ్మ ఉప్పూ కాల్షియమూ కలిసి కరగని పొడి తయారై, ఒక గార పోయి ఇంకో గార వస్తుంది. అరగంట వుంచి, వంచి పారబోసి, రెండు మూడుసార్లు మంచినీళ్ళతో తొలచాలి. తరువాత మంచినీళ్ళు పోసి వేడిచేసి, ఆవిరి గొట్టం నుంచీ, మీట దగ్గర నుంచీ కొంత నీటిని వదిలెయ్యాలి. పులుపు నాలుకకు తగలకుండా పోయేదాకా ఈ పని చెయ్యాలి.

వెనిగరు చవకే గాని వాసన వారం రోజులు వదలదు. బాత్రూము కడిగే ఆసిడ్డు జోలికి కలలో కూడా పోవద్దు, లోహాన్నే తినేస్తుంది. బ్లీచింగు పొడినీ, ఏ పులుపునూ కలపవద్దు. విషవాయువు పుడుతుంది.

అయితే మీ యంత్రానికి ఈ మొదటిసారి నిమ్మ ఉప్పు మీరు వెయ్యకండి. రెండేళ్ళ గార పెచ్చులుగా లేచి, సన్నని దారుల్లోనూ వాల్వులోనూ అడ్డుపడవచ్చు. ఒకసారి కాఫీ యంత్రాలు బాగుచేసేవారికి ఇచ్చి, బాయిలరు శుభ్రం చేయించి, సేఫ్టీ వాల్వు పరీక్షించమని లేదా కొత్తది వెయ్యమని అడగండి. ఆ తరువాతి కాపురం మీది.

మీట బిగుసుకుపోవడం

మీట బిగుసుకుపోవడానికి కారణం లోపలి పిస్టను చుట్టూ వున్న రబ్బరు సీళ్ళు ఎండిపోవడం. పక్కలనుంచి కారడానికి కారణం పిడిగిన్నె పైన ఆనుకునే గ్యాస్కెట్టు గట్టిపడటం. కుక్కరు గ్యాస్కెట్టు ఎండిపోతే పక్కలనుంచి ఆవిరి పోవడం చూడలేదూ? అదే ఇది. కారుతోంది కదా అని పిడిని ఇంకా బలంగా బిగిస్తే గ్యాస్కెట్టు మరింత త్వరగా పోతుంది. అయిదారు వేల రూపాయల నష్టమేమీ లేదు, రబ్బరు ముక్కలు మారిస్తే చాలు. వాడకాన్ని బట్టి ఏడాదికో, రెండేళ్ళకో మార్చవలసి వస్తుంది.

రెండు మూడు నెలలకోసారి పిస్టను సీళ్ళకు ఆహారపదార్థాలకు తగిలినా ఫరవాలేని సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. కొబ్బరినూనె, వంటనూనె రాస్తే వేడికి జిగురై పట్టేస్తాయి. వ్యాజిలీను, బండి గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సీళ్ళ మన్నిక దిగజారేది ఇలాంటి ఇంటి వైద్యాల వల్లనే.

యంత్రం లేనివారికి

ఇదంతా మాకెందుకు, మాది ఇత్తడి ఫిల్టరేనని పక్కన పెట్టకండి. గార మీ ఇంట్లోనూ వుంది. ఎలక్ట్రిక్ కెటిలుకు ఇదే నిమ్మ ఉప్పు, ఇదే కొలత. స్టీలు ఫిల్టరు కళ్ళు మూసుకుంటే సబ్బు వేడినీళ్ళలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో తోమండి. పొయ్యిమీద పెట్టే అల్యూమినియం కాఫీపాత్రను మాత్రం చాకలిసోడాతో కడగవద్దు, క్షారం అల్యూమినియాన్ని తింటుంది. గీజరు లోపల గార తీయించేటప్పుడు దాని సేఫ్టీ వాల్వును కూడా చూపించండి.

పెద్ద బాయిలర్ల కోసం మన దేశంలో 1923 నుంచీ ఒక చట్టం వుండేది. దాని స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. ఏటేటా తనిఖీ, సర్టిఫికెట్లు, అర్హత వున్న మనిషి కాపలా, అన్నీ వున్నాయి. కాని పాతిక లీటర్ల లోపు వాటికి ఆ చట్టం వర్తించదు. మీ యంత్రంలో పట్టేది లీటరో, లీటరున్నరో. కనుక దానికి ఇన్‌స్పెక్టరు రాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ ఉద్యోగం తీసుకోవాలి.

సోదరీ, ఆ ఉద్యోగానికి అన్ని అర్హతలూ వున్న మనిషి మీ ఇంట్లో వాలుకుర్చీలో కూర్చుని వున్నారు. వంటింటి గోడమీది క్యాలెండరు ఆయన చేతికి ఇవ్వండి. నీళ్ళు మార్చినరోజు, గార తీసినరోజు, గ్రీజు రాసినరోజు, రబ్బర్లు మార్చినరోజు అందులో రాయమనండి. ఫ్యాక్టరీలో లాగుబుక్కు రాసిన చెయ్యే గదా. మూత విప్పే పని కూడా ఆయనదే. మీ ముంజేయి మానాక, మొదటి కప్పు కాఫీ మాత్రం ఆయన చేత పెట్టించుకుని మీరే తాగండి. రెండో కప్పు ఫొటో తీసి అబ్బాయికి పంపండి.